మగ్గానికి ఒక కొస నేసే మనిషే

మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల మూలవాసులైన మాయా ప్రజల్లో స్త్రీల మగ్గం మన గుంట మగ్గంలా ఒకచోట పాతుకుని ఉండేది కాదు, దానికి చట్రమే లేదు. రెండు కర్రల మధ్య పడుగు, అంటే నిలువు పోగుల వరస, ఉంటుంది. ఒక కర్రను చెట్టుకో గుంజకో కడతారు, రెండో కర్రకున్న పట్టీ నేసే మనిషి నడుము చుట్టి వస్తుంది. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. కాబట్టి ఈ నేత నేర్పడమంటే ఒళ్లంతటికీ నేర్పడమే. గంటల తరబడి మోకాళ్లమీద కూర్చునే ఓర్పూ అందులో భాగమే.

మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో నబెన్‌చౌక్ అనే గ్రామం ఉంది. అక్కడి మాయా ప్రజల భాష త్సోత్సిల్. పాట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1969, 1970లలో ఆ గ్రామంలో ఆడపిల్లలు నేత నేర్చుకునే తీరును గమనించారు. మళ్లీ 1991లో వెళ్లేసరికి, అప్పటి పిల్లలు తల్లులై తమ కూతుళ్లకు నేర్పుతున్నారు.

ఆమె గమనించినవాటిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది బొమ్మ మగ్గం. మూడు నాలుగేళ్ల పిల్లకు ఇచ్చే ఈ మగ్గంలో రెండు కర్రలనూ ఇరుపక్కల తాళ్లు పట్టి ఉంచుతాయి. పడుగును నేరుగా ఆ కర్రలమీదే చుట్టవచ్చు, కంటికి కనిపించేదే చివరికి వచ్చే రూపం. అసలు మగ్గానికి అలా కుదరదు. పడుగును ముందు వేరే చట్రంమీద పోసి, తరువాత మగ్గానికి ఎక్కించాలి. ఇక్కడ ఇలా తిరిగిన పోగు అక్కడ ఎటు వస్తుందో మనసులోనే తిప్పి చూసుకోవాలి. ఆ శక్తి పిల్లల్లో సుమారు ఆరేడేళ్లకు మొదలవుతుందని, పిల్లల ఆలోచన ఎదిగే తీరును పరిశోధించిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే సిద్ధాంతం చెబుతుంది. అసలు పడుగు పోయడం ఆ వయసు దాటాకే పిల్లల చేతికి వస్తుంది. ఏ సిద్ధాంతమూ చదవని తల్లులు పిల్లల మనసు ఎదిగే వరసను ఇంత చక్కగా పట్టుకున్నారు!

1970లో తల్లి పక్కనే ఉండేది. చిక్కుపడేచోట తన చేయి వేసేది, తప్పు జరగకముందే అందుకునేది. బట్టల్లో ఉన్నవి కొద్దిపాటి చారల నమూనాలే, వాటిని ఉన్నవున్నట్టు నేయడమే నేర్పు. 1991 నాటికి మొక్కజొన్న సాగుమీద నడిచిన ఊళ్లోకి వ్యాపారం వచ్చింది. పిల్లలు చాలావరకు సొంతంగా, తప్పులు చేసి సరిదిద్దుకుంటూ నేర్చుకుంటున్నారు; అవసరమైతే అక్క సాయపడుతుంది. నేసి అమ్మే తల్లుల ఇళ్లలో ఈ మార్పు మరింత స్పష్టం. దీన్ని సంప్రదాయం సడలడంగా నేను చూడలేను. తల్లి చేయి కాస్త వెనక్కి తగ్గిన ఆ ఏళ్లలోనే చారల పక్కకు పూలు వచ్చాయి, పక్షులు వచ్చాయి, ఏ ఇద్దరి బట్టా ఒకేలా లేనంతగా నమూనాలు పెరిగాయి.