"ఎడిటింగ్‌లో చూసుకుందాం" అనే మాట గురించి: క్యాంపస్ రేడియో అపోహలు, వాస్తవాలు

నిన్న గురువారం రాత్రి పదకొండు దాటాక ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, వెనకాల కుక్క అరుపులున్నాయి, ఫ్యాన్ సౌండ్ కూడా గట్టిగానే పడింది, ఎడిటింగ్‌లో తీసేయొచ్చు కదా?" పంపింది ఫస్టియర్ అమ్మాయి. శనివారం సాయంత్రం ఎపిసోడ్ ప్రసారం కావాలి. క్యాంపస్ కమ్యూనిటీ రేడియోలో విద్యార్థులతో కార్యక్రమాలు చేయిస్తూ ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతి బ్యాచ్‌కీ నోటితో చెప్పేది ఈసారి రాసి పెడుతున్నాను, కొత్తగా చేరేవాళ్లు ముందు ఇది చదివి వస్తే చాలు.

అపోహ: రికార్డింగ్ ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు.

సరిచేయలేం. కొన్నిటిని తగ్గించగలం, అంతే. ఫ్యాన్ హోరు మొదటి నుంచి చివరిదాకా ఒకే రకంగా ఉంటుంది కాబట్టి ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాట లేని చోటు ఒక ముక్క నమూనాగా చూపించి నాయిస్ రిడక్షన్ పెడితే కొంత తగ్గుతుంది. ఆ కొంతతో ఆగక ఇంకాస్త లాగితే మనిషి బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. కుక్క అరుపు, బస్సు హారన్, పక్కన నిలబడ్డ మీ ఫ్రెండ్ నవ్వు, ఇవి అలా ఒకే రకంగా ఉండవు. మాట మీద పడ్డాయంటే మాటతో పాటే తీసేయాలి. ఇక లెవెల్, అంటే రికార్డర్ ధ్వనిని తీసుకునే మోతాదు, ఎక్కువై క్లిప్ అయిందనుకోండి, వేవ్‌ఫామ్ (స్క్రీన్ మీద కనిపించే ధ్వని బొమ్మ) పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా కనిపిస్తుంది. అక్కడ ఉండాల్సిన ధ్వని ఫైల్‌లోకి రానేలేదు. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని ఊహించి పూడ్చడానికి ప్రయత్నిస్తుంది కానీ, రానిదాన్ని ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఒక సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట వేసవికి ముందు మా టీమ్ ఐదుగురు క్యాంపస్‌కు దగ్గర్లోని ఒక ఊరికి వెళ్లి కుండలు చేసే తాతను ఇంటర్వ్యూ చేశారు. యాభై నిమిషాల రికార్డింగ్. తాత చిన్న గొంతుతో మాట్లాడతాడని లెవెల్ బాగా పెంచి పెట్టారు, రికార్డర్ స్టూలు మీద, పక్కనే టేబుల్ ఫ్యాన్. హెడ్‌ఫోన్స్ సంచిలోనే ఉన్నాయి, ఎవరూ పెట్టుకోలేదు. సరిగ్గా ఇరవై ఆరో నిమిషంలో తాత అన్నాడు, "కుండ కాలిందా లేదా అన్నది సూస్తె తెల్వది బిడ్డా, కొట్టి ఇనాలె." ఆ తర్వాత ఒక కుండ తీసి వేలి కణుపుతో కొట్టి చూపించాడు, దాని పక్కన పగులు ఉన్నది ఇంకొకటి కొట్టాడు. రేడియోలో అంతకంటే మంచి క్షణం ఏముంటుంది చెప్పండి. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది, పగులు ఉన్నది బొంగురుగా, చచ్చిన చప్పుడు చేస్తుంది. శ్రోత కళ్లు మూసుకున్నా తేడా తెలిసిపోతుంది.

మా ఫైల్‌లో తెలియలేదు. మొదటి దెబ్బ క్లిప్ అయి చెవిలో 'టప్' మని పగిలింది. రెండో దెబ్బ మీద మా వాళ్లు ముగ్గురు కలిసి "అబ్బా, అవునా తాతా!" అన్నారు. ఎడిటింగ్ చేసే అబ్బాయి ఆ పది సెకన్ల మీద రాత్రి రెండింటిదాకా కూర్చున్నాడు, పొద్దున్న వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, క్లాసుకు కూడా వెళ్లలేదు. నాకు ఫైల్ వినిపించి, తన చేతకానితనం వల్లే ఇలా అయిందన్నట్టు తల దించుకున్నాడు. తప్పు అతనిది కాదని నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది.

వారం తర్వాత మళ్లీ వెళ్లాం, ఈసారి నేనూ వెళ్లాను. ఫ్యాన్ ఆపించాం, లెవెల్ తగ్గించాం, అన్నీ సరిగ్గా పెట్టాం. తాత కుండ కొట్టాడు, ఖంగుమన్న చప్పుడు శుభ్రంగా వచ్చింది. కానీ మాట రాలేదు. "మొన్న జెప్పిన గదా బిడ్డా, కొడితె తెలుస్తది" అని ఊరుకున్నాడు. మొదటిసారి వాళ్ల నాయన దగ్గర ఎలా నేర్చుకున్నాడో, చిన్నప్పుడు పచ్చి కుండ కొట్టి ఎలా తిట్లు తిన్నాడో ఇష్టంగా చెప్పిన మనిషి రెండోసారి పని చూపించి లేచాడు. అందులో ఆయన తప్పేం లేదు, ఎవరైనా ఒక ముచ్చటను మొదటిసారి చెప్పినట్టు రెండోసారి చెప్పరు. చివరికి మొదటిరోజు మాట, రెండోరోజు చప్పుడు అతికించి ఎపిసోడ్ చేశాం. బాగుందని అన్నారు. నాకు మాత్రం అతుకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇది ఒక్క సౌండ్ సమస్యే అనుకుంటే నేనింత రాయను. "ఎడిటింగ్‌లో చూసుకుందాం" అని ఐదుగురిలో నలుగురు అన్నారంటే దాని అర్థం "ఐదోవాడు చూసుకుంటాడు" అని. స్క్రిప్ట్ పూర్తికాకుండా స్టూడియోకి వచ్చినా, ప్రశ్నలు రాసుకోకపోయినా, లాగ్ (ఏ నిమిషంలో ఏముందో రాసే పట్టిక) రాయకపోయినా ఆ భారమంతా రాత్రిపూట హాస్టల్ గదిలో ఒక్కడి లాప్‌టాప్ మీద పడుతుంది. సెమిస్టర్ మధ్యలో షోలు ఆగిపోవడం నేను చాలా చూశాను. ఆర్‌జే మానేసి ఆగినవి తక్కువ, ఇంకో గొంతు దొరుకుతుంది. ఎడిటర్ మానేస్తే షో అక్కడితో ఆఖరు. మానేసేవాళ్లు గొడవ కూడా పెట్టుకోరు, ఇంటర్నల్స్ ఉన్నాయని చెప్పి మెల్లగా గ్రూప్‌లో మాట్లాడటం ఆపేస్తారు.

అందుకని మా దగ్గర ఇప్పుడు పద్ధతి ఇదీ. బయటికి రికార్డింగ్‌కి వెళ్తే ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం తప్ప ఇంకే పనీ చేయరు, ప్రశ్నలు అడగరు, ఫొటోలు తీయరు. వాళ్లు చెయ్యెత్తితే ఆపాలి, ఎదురుగా ఎవరున్నా సరే. రికార్డర్ మీద లెవెల్ చూపించే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టిగా నవ్వినా మైనస్ 6 దాటకూడదు. చప్పుడు చేసి చూపించేది ఏదైనా ఉందేమో ముందే అడిగి, దానికోసం లెవెల్ తగ్గించి విడిగా ఒక టేక్ తీసుకోవాలి. మైక్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిప్పి, లేకపోతే ప, ఫ, భ అన్నప్పుడల్లా గాలి వచ్చి కొడుతుంది. వినేటప్పుడు "ఊఁ, ఆఁ" అనకుండా తల ఊపండి. ఇది అలవాటు కావడానికి రెండు మూడు రికార్డింగులు పడుతుంది, మన దగ్గర ఊఁ కొట్టకపోతే మర్యాద కాదనిపిస్తుంది కదా, అందుకే ముందే వాళ్లతో "నేను తల మాత్రమే ఊపుతానండీ, రికార్డింగ్ కోసం" అని చెప్పేయండి. అంతా అయ్యాక ఎవరూ కదలకుండా ముప్పై సెకన్లు ఆ చోటు నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి, అతుకుల కింద పరచడానికి ఎడిటర్‌కి అది కావాలి.

ఇంకొకరు లాగ్ రాస్తారు. నోట్‌బుక్‌లో రెండే గడులు, టైము, విషయం. "26:10, కుండ కొట్టి వినడం, చాలా బాగుంది." అంతే చాలు. ఎపిసోడ్‌లో ఆ యాభై నిమిషాల్లోంచి పడేది ఏడెనిమిది నిమిషాలు, లాగ్ ఉంటే ఎడిటర్ నేరుగా అక్కడికి వెళ్తాడు, లేకపోతే మొత్తం వినాలి, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. రఫ్ కట్ (మొదటి కూర్పు) అయ్యాక టీమంతా కలిసి కూర్చుని వినాలి, ఏది తీయాలో అందరూ చెప్పాలి. ఫైల్‌ను వాట్సాప్‌లో ఆడియోగా పంపొద్దు, కుదించేస్తుంది. కుదించని వేవ్ (WAV) ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఇవ్వండి.

అపోహ: గొంతు బాగుండాలి, యాస ఉండకూడదు.

ఈ మాట ఎవరు పుట్టించారో కానీ చాలామంది పిల్లల్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. ప్రతి జూలైలో ఎవరో ఒకరు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి "మాది పల్లెటూరు మేడమ్, మా భాష బాగుండదు" అంటారు. వినడానికే బాధగా ఉంటుంది. కమ్యూనిటీ రేడియో పెట్టిందే స్థానిక భాష కోసం, యాస కోసం. కేంద్ర ప్రభుత్వ కమ్యూనిటీ రేడియో విధానపత్రంలోనే ఉంది, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారైనవి కావాలని, వీలైనంతవరకు స్థానిక భాషలో, మాండలికంలో ఉండాలని. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోను నడుపుతున్నది దళిత మహిళలు, వాళ్లు మాట్లాడేది వాళ్ల ఊరి మాటే. విత్తనాల గురించి, వంటల గురించి, పాటల గురించి. వాళ్లను యాస మార్చుకోమనే ధైర్యం ఎవరికుంది?

మీ గొంతు మీకే రికార్డింగ్‌లో నచ్చకపోవడం అందరికీ ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, కాబట్టి నిండుగా ఉంటుంది, రికార్డింగ్‌లో గాలిలో వచ్చిందే ఉంటుంది కాబట్టి పలచగా, కొత్తగా అనిపిస్తుంది. మిగతావాళ్లు రోజూ వింటున్నది అదే గొంతు. వాళ్లకు అలవాటే. నత్తి ఉన్న అబ్బాయి ఒకడు మా దగ్గర రెండేళ్లు లాగ్‌లు, స్క్రిప్ట్‌లు రాశాడు, మూడో ఏడు తనంతట తనే అడిగి వాళ్ల ఊరి చెరువు గురించి పది నిమిషాలు మాట్లాడాడు. మేం ఆ తడబాట్లు తీయలేదు. తీయొద్దని అతనే చెప్పాడు.

అపోహ: పాట 30 సెకన్ల లోపు వాడితే కాపీరైట్ వర్తించదు.

ఇది పచ్చి పుకారు. మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పది సెకన్లయినా హక్కుదారు అనుమతి కావాల్సిందే. సిగ్నేచర్ ట్యూన్‌కి సినిమా పాట బిట్ తెస్తే నేను ఒప్పుకోను, ఎవరు బతిమాలినా ఒప్పుకోను. క్యాంపస్‌లో వీణ వాయించేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, గిటార్ వాళ్లు ఉన్నారు, వెళ్లి అడగండి, సంతోషంగా చేస్తారు.

"వార్తలు చెప్పకూడదు కాబట్టి సీరియస్ విషయం ఏదీ మాట్లాడకూడదట, మాట్లాడితే లైసెన్సు పోతుందట" అని ఇంకొకటి తిరుగుతోంది. సొంతంగా వార్తల బులెటిన్ చేయకూడదు, రాజకీయ ప్రచారం కూడదు, అది నిజం. ఆకాశవాణి వార్తలను మాత్రం మార్చకుండా ఉన్నదున్నట్టు ప్రసారం చేయొచ్చు. పరీక్షలు, అడ్మిషన్లు, వాతావరణం, నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, డెంగీ జాగ్రత్తలు, వీటిలో భయపడాల్సింది ఏమీ లేదు. అనుమానం వస్తే ముందు రోజే స్టేషన్ బాధ్యుల్ని అడగండి, గ్రూప్‌లో ఫార్వర్డ్ చూసి ఎపిసోడ్ ఆపేయకండి.

మిగతావి గబగబా. ప్రకటనలు అసలు వేయకూడదనేది తప్పు, పరిమితి ఉంది, 2024లో దాన్ని గంటకు 12 నిమిషాలు చేశారు. "మా ఊళ్లో వస్తుందా?" అని ఇంటి దగ్గర అడుగుతారు, రాదు, ప్రసార శక్తి 100 వాట్లే కాబట్టి పది పదిహేను కిలోమీటర్లు, మధ్యలో గుట్టలుంటే ఇంకా తక్కువ. చదువు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే, పని ఐదుగురూ పంచుకుంటే పాడవదు, ఒక్కరి మీద పడితే తప్పకుండా పాడవుతుంది, ఆ భయం ఉత్తది కాదు. అందుకే మీ అబ్బాయి రాత్రుళ్లు నిద్ర మానుకుని ఎడిటింగ్ చేస్తున్నాడంటే నాకు ఫోన్ చేయండి.

చివరిగా ఫైళ్ల సంగతి. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ 3 నెలలు భద్రపరచాలి, అది నిబంధన. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పేర్లు పెడితే తర్వాత ఏది ప్రసారమైందో మీకే తెలియదు. తేదీ, ఎపిసోడ్ నంబరు, మాట్లాడిన మనిషి పేరు, టేక్ నంబరు, ఈ వరసలో పెట్టండి. ఆ ఫస్టియర్ అమ్మాయి రేపు పొద్దున ఏడింటికే, కుక్కలు అంతగా తిరగని వేళ చూసుకుని, మళ్లీ రికార్డింగ్‌కి వెళ్తోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడానికి ఇంకొకరు కావాలి, వీలున్నవాళ్లు ఈ రాత్రికి గ్రూప్‌లో పేరు పెట్టండి.