పచ్చసొన పిల్ల కాదు

బుజ్జీ, చిన్నోడా,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, "తాతయ్యా, పచ్చసొనే కోడిపిల్ల అవుతుందా?" అని. సిగ్నల్ పోయి సగంలో ఆగిపోయింది, అందుకే రాస్తున్నాను.

కాదమ్మా. పచ్చసొన పిల్లకి చద్దిమూట. పిల్ల అయ్యేది దాని మీదుండే తెల్లటి చుక్క. పుంజుతో తిరిగే నాటుకోడి గుడ్డుని పళ్లెంలో మెల్లగా పగలగొట్టి చూడండి, కందిగింజంత కనబడుతుంది. మొదట అది ఒకే ఒక్క కణం. ఒకటి రెండై, రెండు నాలుగై, కోడి కడుపులో ఉండగానే వేలకి వేలవుతుంది. గుడ్డు బయటపడి చల్లబడగానే ఆ పని ఆగిపోతుంది. మళ్లీ తల్లి వెచ్చదనం తగిలాకే మొదలు. మీ నాయనమ్మ వారం పాటు గుడ్లు పోగేసి ఒక్కసారే పొదగేసినా, 21 రోజులకి అన్నీ ఇంచుమించు కలిసే పిల్లలయ్యేది అందుకే.

రెండో రోజు పూర్తికాకముందే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి కాళ్లూ లేవు, రెక్కలూ లేవు! నాలుగో రోజు రాత్రి నేను గుడ్డు వెనక టార్చి పెట్టి చూశాను. సాలెగూడులా ఎర్రటి రక్తనాళాలు, మధ్యలో చిన్న నల్లటి మచ్చ. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి ఒకే కణం నుంచి వచ్చినవాటిలో ఒకటి గుండె, ఒకటి ఈక ఎలా అయ్యాయి? ఒళ్లు ఎలా తయారవాలో చెప్పే సూచనల్లాంటివి జన్యువులు. ఏ కణానికి ఏ జన్యువులు అందాయన్నదాంట్లో తేడా లేదు, దాదాపు అన్నిటికీ అన్నీ అందుతాయి. తానున్న చోటుని బట్టి, పక్క కణాలు పంపే రసాయనాలని బట్టి, ఒక్కో కణం కొన్ని జన్యువులనే వాడుకుంటుంది. మిగతావి పోవు, ఊరికే ఉంటాయి. జాన్ గర్డన్ అనే శాస్త్రవేత్త తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే భాగాన్ని తీసి, సొంత కేంద్రకం లేకుండా చేసిన కప్పగుడ్డులో పెట్టాడు. చాలావరకు పాడైపోయాయి. కొన్ని మాత్రం బతికి కప్పలయ్యాయి. పేగు కణం దగ్గరా కప్ప మొత్తానికి సరిపడా సమాచారం ఉందని 1962లో రాశాడు. 2012లో నోబెల్ వచ్చింది.

ఇంకొకటి. కోడిపిల్ల కాలివేళ్ల మధ్య మొదట పొర ఉంటుంది. అక్కడి కణాలు తమంతట తామే చనిపోతాయి, వేళ్లు విడిపడతాయి. మీ చేతివేళ్లూ అమ్మ కడుపులో అలాగే విడిపడ్డాయి. బాతుకి మాత్రం ఆ పొర ఉండిపోతుంది.

మన గంపలో గుడ్లకి ఇవాళ్టికి పదకొండో రోజు. దసరా సెలవులకి మీరొచ్చేసరికి పెంకులోంచి కిచకిచలు వినబడతాయి. త్వరగా రండి.

మీ తాతయ్య