మందు లేని సూదికి మెడనొప్పి తగ్గుతుందా?

మెడకీ భుజానికీ మధ్య ఉండే కండను రెండు వేళ్లతో పట్టుకుని గట్టిగా నొక్కి చూడండి. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లలో చాలామందికి అక్కడ తాడులా బిగుసుకున్న పట్టీ ఒకటి, అందులో నొక్కగానే 'అబ్బా' అనిపించే బుడిపె ఒకటి తగులుతాయి. కొందరికైతే ఆ నొప్పి చెవి వెనక నుంచి కణత దాకా పాకుతుంది. ఫిజియోలు దీన్నే ట్రిగ్గర్ పాయింట్ అంటారు.

డ్రై నీడ్లింగ్ అంటే సరిగ్గా ఆ బుడిపెలోకి సూది దించడం. ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు, మందూ ఉండదు. ఆక్యుపంక్చర్‌లో వాడే రకమే, మందం పావు మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. కండను పైకి ఎత్తిపట్టి గుచ్చి, లోపలే పైకీ కిందికీ ఆడిస్తారు. సరైన చోట తగిలితే కండరం మన ప్రమేయం లేకుండా ఒక్కసారి తుళ్లిపడుతుంది. నొప్పిగానే ఉంటుంది (అసలేం తెలియదండీ అంటే నమ్మకండి), ఆ తర్వాత ఒకట్రెండు రోజులు సలుపు కూడా ఉండొచ్చు.

అమెరికా అధ్యక్షుడు కెనడీకి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్ ఇలాంటి చోట్ల ఆ భాగాన్ని మొద్దుబార్చే మత్తుమందు సూదితో ఎక్కించేవారు. 1979లో చెక్ డాక్టర్ కారెల్ లెవిట్ 241 మంది రోగుల వివరాలు ప్రచురించి, పనిచేసేది మందు కాదు, సూదిపోటే అన్నారు. దాదాపు 87 శాతం చోట్ల నొప్పి అక్కడికక్కడే తగ్గిందట. అంకె బాగుంది గానీ, పోల్చి చూడటానికి సూది వేయించుకోని గుంపంటూ అందులో లేదు.

ఎందుకు తగ్గుతుందన్న దగ్గరే అసలు పేచీ. 2005లో అమెరికాలో జే షా బృందం ఆ కండరంలోని ద్రవాన్ని సన్నటి సూదితో తీసి పరీక్షిస్తే, నొప్పి ఉన్నవాళ్లలో ఆమ్లత్వం, నొప్పిని రేపే రసాయనాలు ఎక్కువగా కనిపించాయి, కండరం తుళ్లాక వాటిలో కొన్ని తగ్గాయి. కాకపోతే పరీక్షించింది తొమ్మిదిమందినే. 2015లో క్విన్ట్‌నర్, మరో ఇద్దరు పరిశోధకులైతే, నొప్పికి ఈ బుడిపెలే మూలం అనే ట్రిగ్గర్ పాయింట్ సిద్ధాంతమే నిలబడదని రాశారు. ఒకే మెడను ఇద్దరు నిపుణులకు చూపిస్తే ఇద్దరూ ఒకే చోట వేలు పెడతారన్న గ్యారంటీ లేదు మరి.

ట్రయల్స్‌ని కలిపి చూసిన సమీక్షల్లో తేలేది ఏమిటంటే, కొన్ని వారాల దాకా ఉపశమనం ఉంటుంది, నెలలు గడిచాక మామూలు ఫిజియోథెరపీతో పోలిస్తే పెద్ద తేడా మిగలదు. పైగా సూది గుచ్చారో లేదో రోగికి తెలిసిపోతుంది కాబట్టి నమ్మకం వల్ల తగ్గిందెంత, సూది వల్ల ఎంత అని విడదీయడం కష్టం. నన్నడిగితే, నొప్పి తగ్గిన ఆ నాలుగు రోజుల్లో మెడ, భుజాల వ్యాయామాలు మొదలుపెట్టేవాళ్లకి ఇది పనికొస్తుంది. వ్యాయామం ఊసే లేకుండా పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మేవాళ్ల దగ్గర డబ్బు దండగ.

ప్రమాదం తక్కువే. ఐర్లండ్‌లో ఫిజియోలు నమోదు చేసిన 7,629 సిట్టింగుల్లో సుమారు 7.5 శాతంలో చర్మం కమిలింది, తీవ్రమైనవేవీ జరగలేదు. కానీ భుజం కండ కిందే ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. కండను ఎత్తిపట్టి గుచ్చేది అందుకే. సూది వేయించుకున్నాక ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తుంటే ఛాతీలో పొడిచినట్టున్నా సలుపేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. ఇక చేతిలో పట్టు తగ్గి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడుస్తుంటే తూలుతున్నా సూదుల జోలికే పోవద్దు. అది వెన్నుపాము నొక్కుకుపోవడం కావచ్చు, న్యూరో డాక్టర్ చూడాల్సిన కేసు.