నూరేళ్లు నిండని రెండు సామ్రాజ్యాలు

2019 మార్చిలో అప్పటి మెక్సికో అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రడోర్ స్పెయిన్ రాజు ఆరో ఫెలిపేకు, పోప్ ఫ్రాన్సిస్‌కు ఉత్తరాలు రాశారు. పదహారో శతాబ్దపు స్పానిష్ దండయాత్రలో మూలవాసుల మీద జరిగిన దారుణాలకు క్షమాపణ చెప్పమని అడిగారు. స్పెయిన్ ససేమిరా అంది. 2024 అక్టోబరులో కొత్త అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ ప్రమాణ స్వీకారానికి మెక్సికో ఆ రాజును పిలవలేదు. రాజును పిలవని చోటికి మేమూ రామని స్పెయిన్ ప్రభుత్వం ఎవరినీ పంపలేదు.

ఈ గొడవ లేచినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. యూరప్‌వాళ్లు అడుగుపెట్టకముందు అక్కడ అంతా రామరాజ్యమని కొందరు, నరబలులు తప్ప ఏమీ లేవని కొందరు. ఈ రెండింటిలో ఏది నమ్మినా అక్కడ ఆజ్టెక్, ఇన్కా రాజ్యాల్లో బతికిన మనుషులు మనకు కనిపించరు. వాళ్లు కనిపించాలంటే స్పానిష్ సేనాని కోర్టెస్ మెక్సికోలో దిగిన 1519కి ఒక తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మనం ఆజ్టెక్‌లు అంటున్నవాళ్లు తమను మెషీకా అని చెప్పుకునేవాళ్లు. మెక్సికో పేరు అందులోంచి వచ్చిందే. ఉత్తరం నుంచి వలస వచ్చేసరికి మెక్సికో లోయలో మంచి నేలంతా వేరేవాళ్ల చేతుల్లో ఉంది. మిగిలింది టెక్స్‌కోకో సరస్సులో ఒక బురద దీవి. నాగజెముడు మీద గద్ద వాలిన చోటే ఊరు కట్టుకోమని దేవుడు చెప్పాడన్నది వాళ్ల కథ. ఆ బొమ్మ ఇప్పటికీ మెక్సికో జెండా మీద ఉంది. సంప్రదాయం ప్రకారం 1325లో అక్కడ టెనోచ్టిట్లాన్ నగరం మొదలైంది. ఆ తర్వాత వందేళ్ల పాటు వాళ్లు అజ్కపొట్సాల్కో రాజులకు కప్పం కట్టి, వాళ్ల కోసం యుద్ధాలు చేశారు. 1428లో రాజు ఇట్స్‌కోఅట్ల్ పక్క నగరం టెక్స్‌కోకోతో కలిసి ఆ రాజులను కూలదోశాడు. ట్లాకోపాన్‌ను కూడా కలుపుకుని మూడు నగరాల కూటమి ఏర్పడింది. ఆజ్టెక్ సామ్రాజ్యమంటే ఇదే. గెలిచాక ఇట్స్‌కోఅట్ల్ పాత చిత్రలిపి పుస్తకాలను తగలబెట్టించాడని సహగున్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అక్కడి పెద్దలను అడిగి రాసుకున్నాడు. కప్పం కట్టిన రోజుల చరిత్ర కొత్త రాజ్యానికి అక్కర్లేకపోయింది.

ఆ బురదలోనే నగరానికి తిండి పండింది. లోతు తక్కువ ఉన్న నీళ్లలో గుంజలు పాతి, రెల్లు తడికలు కట్టి, లోపల నాచు, కాలువ అడుగు మట్టి పొరలు పొరలుగా పోసి మడులు లేపేవాళ్లు. వీటి పేరు చినాంపాలు. గట్టు జారకుండా అంచుల్లో విల్లో జాతి చెట్లు నాటేవాళ్లు. నారు పోసే పద్ధతి చూస్తే మన రైతుకు కొత్తగా అనిపించదు: మెత్తటి బురద పరిచి, కాస్త ఆరాక చిన్న చదరాలుగా కోసి, ఒక్కో ముక్కలో ఒక్కో గింజ పెట్టి, మొలిచాక మట్టితో సహా తీసి మడిలో నాటడం. కాలువలో బురద తోడి పైన పోస్తే అదే ఎరువు. ఏడాదికి ఒకటికి మించి పంటలు తీసేవాళ్లు. సరస్సులో ఒక వైపు నీళ్లు ఉప్పన. అవి మంచినీళ్లలో కలవకుండా టెక్స్‌కోకో రాజు నెసవల్‌కోయోట్ల్ దాదాపు 16 కిలోమీటర్ల కట్ట కట్టించాడు. షోచిమిల్కోలో ఈ మడులు ఇంకా సాగులో ఉన్నాయి. అక్కడ పండినవాటిలో టమాటా ఒకటి. ఆ పేరే వాళ్ల నహువాట్ల్ భాషలోని 'తొమాట్ల్'. మన వంటింటి ఎండుమిర్చి మూలం కూడా ఆ ఖండమే. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది.

టెనోచ్టిట్లాన్ పక్కనే ఉన్న ట్లాటెలోల్కో సంతకు రోజూ 60 వేల మంది వస్తారని కోర్టెస్ తన రాజుకు రాశాడు. అంకె ఎంత ఖచ్చితమో కానీ, అంత పెద్ద సంతను తన దేశంలో అతను చూడలేదన్నది స్పష్టం. చిల్లరగా చాక్లెట్ చేసే కకావో గింజలు చెల్లేవి. దొంగ గింజలు కూడా తిరిగేవి. లోపలి పప్పు తీసేసి మైనమో, పిండి ముద్దో కూరి పైన పొట్టు అంటించేవాళ్లట. సహగున్ ఈ మోసాన్ని కూడా వదలకుండా రాశాడు.

ఈ సంపదంతా ఎక్కడిదన్నది అసలు విషయం. ఆజ్టెక్‌లు ఓడించిన ఊళ్లో ఎక్కువగా అక్కడి దొరనే ఉంచి, ఏటా కప్పం రాబట్టేవాళ్లు. ఎవరు ఎన్ని నూలు దుప్పట్లు, ఎన్ని ఈకల కట్టలు, ఎన్ని బస్తాల కకావో పంపాలో బొమ్మల జాబితాలు ఉండేవి. బలులు నిజం కాదనడానికి వీల్లేదు. 2015లో మెక్సికో సిటీ పెద్ద చర్చి వెనుక వీధిలో తవ్వకాల్లో పుర్రెల గోపురం బయటపడింది, అందులో ఆడవాళ్లవి, పిల్లలవి కూడా ఉన్నాయి. లొంగని త్లాస్కాలా రాజ్యాన్ని నాలుగు వైపులా చుట్టుముట్టారు. అక్కడి జనానికి ఉప్పు అందనివ్వలేదు, పత్తి అందనివ్వలేదు. ఏళ్ల తరబడి చప్పటి తిండి తిన్నవాళ్ల కోపం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. కోర్టెస్ వచ్చినప్పుడు త్లాస్కాలా మొదట అతనితో యుద్ధం చేసింది, తర్వాత చేతులు కలిపింది. 1521లో టెనోచ్టిట్లాన్ ముట్టడిలో స్పానిష్‌వాళ్లు వెయ్యికి లోపే. వాళ్ల వెంట నిలిచిన స్థానికులు వేలకు వేలు. గుప్పెడు మంది ఒక సామ్రాజ్యాన్ని కూల్చారన్న కథలో ఈ వేలమంది ఉండరు. అంతకుముందు ఏడాదే మశూచి వచ్చి ఊళ్లకు ఊళ్లను పడగొట్టింది. ఆజ్టెక్ రాజు మోక్టెజుమా తర్వాత గద్దెనెక్కిన క్విత్లావక్ కూడా దానికే బలయ్యాడు.

రెండో సామ్రాజ్యం దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఇన్కాలది. వాళ్ల పద్ధతి వేరు. ఎక్కువమంది చెప్పే లెక్క ప్రకారం 1438లో చాంకాలనే శత్రు జాతి మీద గెలిచి పచకూతి రాజయ్యాడు. అక్కడి నుంచి మూడు తరాల్లో కుస్కో రాజధానిగా ఉన్న ఈ రాజ్యం ఉత్తర దక్షిణాలుగా దాదాపు 4,000 కిలోమీటర్లు పాకింది. మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్న కాలంలో అక్కడ వాయ్నా కాపాక్ ఏలుతున్నాడు. చలామణీ డబ్బు లేదు, బండి చక్రం లేదు, ఇనుము లేదు, మనకు తెలిసిన రాత లేదు. పన్ను కట్టాల్సింది చాకిరీ రూపంలో. దాన్ని మీతా అనేవాళ్లు. ప్రతి ఇంటి నుంచి వంతు ప్రకారం పొలానికో, రోడ్డు పనికో, సైన్యానికో వెళ్లాలి. పనిలో ఉన్నన్ని రోజులూ తిండి, మొక్కజొన్నతో చేసే చిచా అనే కల్లు రాజ్యం పెట్టేది. ఆ తిండి కోసమే కొండవాలుల మీద వరుసల్లో గాదెలు. వాటిలో నిలవ ఉండే సరుకుల్లో ఒకటి చూన్యో: బంగాళాదుంపల్ని రాత్రి గడ్డకట్టే చలిలో పరిచి, పగలు ఎండలో కరగనిచ్చి, కాళ్లతో తొక్కి నీరు పిండేస్తే ఏళ్ల తరబడి చెడదు.

లెక్కలన్నీ కీపూలో. ఒక లావు తాడు, దానికి వేలాడే రంగురంగుల దారాలు, దారాలకు ముడులు. చివర ఒకట్లు, పైన పదులు, ఇంకా పైన వందలు. ముడి లేని ఖాళీ సున్నా.

దీన్ని మెచ్చుకుంటూ ఒక సంగతి మరిచిపోకూడదు. తిరగబడే జనాన్ని ఇన్కాలు ఊళ్లకు ఊళ్లు పెకలించి వందల కిలోమీటర్ల అవతల పడేసేవాళ్లు. 1527 ప్రాంతంలో వాయ్నా కాపాక్ చనిపోయాడు, అది మశూచే అయి ఉంటుందని చాలామంది చరిత్రకారుల మాట. కొడుకులు వాస్కర్, అతావల్పా గద్దె కోసం కొట్టుకున్నారు. అతావల్పా గెలిచిన వార్త ఇంకా చల్లారకముందే, 1532 నవంబరు 16న కహమార్కాలో స్పానిష్ సేనాని పిజారో 168 మందితో అతన్ని పట్టుకున్నాడు. ఇన్కాల కింద నలిగిన కన్యారీ, వాంకా జాతులవాళ్లు స్పానిష్ పక్షం చేరారు.

వాంకాలది హౌహా లోయ. పిజారో సేనకు వాళ్లు మొక్కజొన్న, బంగాళాదుంపలు, లామాలు, బట్టలు, చెప్పులు, వంటచెరకు ఇచ్చారు. ఇచ్చినప్పుడల్లా కీపూలో ముడి వేశారు. పాతికేళ్లు దాటాక, 1560 ప్రాంతంలో, ఆ దారాలు పట్టుకుని లిమాలోని స్పానిష్ కోర్టుకెక్కారు. తాము ఇష్టపూర్వకంగా ఇచ్చింది ఒక లెక్క, సైనికులు దోచుకుపోయింది వేరే లెక్క. వాళ్లు ముడులు చూసి ఒక్కొక్కటీ చెబుతుంటే, కోర్టు గుమాస్తా స్పానిష్‌లో రాసుకున్నాడు.