ఆ గింజలు ప్లాస్టిక్ కావు, ఏరి పారేయకండి

బియ్యం నాణ్యత పరీక్షలే నా వృత్తి. మండపేట, రామచంద్రాపురం వైపు ఏ ఊరు వెళ్లినా ఎవరో ఒకరు కాగితం పొట్లంలో నాలుగు గింజలు తెచ్చి "ఇవి ప్లాస్టిక్‌వేనా, కాస్త చూసి చెప్పు బాబూ" అంటారు. ఈ పుకారును ఫోన్లలో తిప్పేవాళ్ల మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. పొట్లం తెచ్చినవాళ్ల మీద మాత్రం లేదు. పిల్లలకు పెట్టే తిండి గురించి భయపడటం తప్పెలా అవుతుంది?

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు.

వాస్తవం: అవి ఫోర్టిఫైడ్, అంటే పోషకాలు చేర్చిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కలిపి తడుపుతారు. ఆ ముద్దను ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో వేడి మీద ఒత్తి, గింజంత ముక్కలుగా కోసి ఆరబెడతారు. మిల్లులో క్వింటాలుకు సుమారు కిలో చొప్పున మామూలు బియ్యంలో కలుస్తాయి.

నీళ్లలో తేలుతున్నాయి కదా అంటారు. గింజ లోపల సన్నటి గాలి ఖాళీలు మిగిలిపోతాయి కాబట్టి కొన్ని తేలతాయి. రంగు తేడాగా ఉంది అంటారు. పిండితో చేసిన గింజకూ కంకి మీద పండిన గింజకూ ఒకే మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది? అన్నం ముద్దను నేలకు కొడితే ఎగిరిందని ఇంకో వీడియో. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం బియ్యం వండి, గట్టిగా పిసికి కొట్టి చూడండి, అదీ ఎగురుతుంది. ఉడికిన పిండిపదార్థం గుణమే అంత. పైగా ప్లాస్టిక్ గుళికల కిలో ధర బియ్యం ధర కన్నా ఎక్కువ. చేతి డబ్బు పోగొట్టుకుని కల్తీ చేసే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

అప్పటికీ నమ్మకం కుదరకపోతే ఒక గింజను ఉడికించి, చల్లార్చి, టించర్ అయోడిన్ చుక్క వేయండి. ముదురు నీలంగా మారితే అది పిండిపదార్థం. ప్లాస్టిక్ ఉడకదు, అలా రంగు మారదు. చుక్క వేసిన గింజను మాత్రం తినకండి.

ద్రాక్షారామం దగ్గర ఒక ఇంట్లో చూశాను. కోడలు నిండు గర్భిణి. అత్తగారు చేట ముందు పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుంటూ, ఆ గింజలన్నీ ఒక్కొక్కటే ఏరి కోళ్లకు వేస్తున్నారు. ఎంత ఓపిక, ఎంత ప్రేమ! కోడలి ఆసుపత్రి చీటీలో రక్తహీనత అని రాసి ఉంది. "పిన్నిగారూ, ఆత్రేయపురం పూతరేకు కాగితంలా ఉండదూ? అదీ బియ్యంతో చేసిందే కదా" అన్నాను. "పూతరేకు నా కళ్ల ముందే తీస్తారు నాయనా. దీన్ని ఎవరు చేశారో నాకేం తెలుసు?" అన్నారావిడ. న్యాయమైన ప్రశ్నే. పోషకాలు చేర్చారని తెలిపే ప్లస్ ఎఫ్ (+F) గుర్తును సంచి మీద అచ్చువేస్తే సరిపోయిందా? బియ్యం చేతికిచ్చేటప్పుడు ఒక్క మాట చెబితే ఆవిడ ఆ చేట ముందు కూర్చునేవారే కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. నిబంధనల ప్రకారం ఈ బియ్యం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. అంటే రోజుకు పావుకిలో వండుకుంటే 7 నుంచి 10.6 మిల్లీగ్రాములు. గింజలు ఏరేస్తే అదంతా కోళ్ల పాలు. దీనితోనే రక్తం పడుతుందని నేను చెప్పను. డాక్టరు ఇచ్చిన మాత్రలు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు ఉండాల్సిందే. గంజి వార్చకుండా ఎసరు సరిపెట్టి వండండి. భోజనం అవగానే టీ వద్దు, ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. తలసీమియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే తినాలి.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: పచ్చగా మెరిసే బెల్లం మేలైనది.

వాస్తవం: ఆ మెరుపు కోసమే కొందరు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తారు. ముదురు రంగు బెల్లం చూసి ముఖం చిట్లించకండి.

అపోహ: ఫుడ్ టెక్నాలజీ అంటే వంట చదువు.

వాస్తవం: నేను చదివింది అదే, చేసేది బియ్యం పరీక్షలు. అయినా హోటల్ ఎప్పుడు పెడతావని మా మేనమామ ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. పెట్టను మామయ్యా.

అపోహ: మిగిలిన అన్నాన్ని మళ్లీ వేడి చేస్తే ఏ దోషమూ ఉండదు.

వాస్తవం: ఈ చదువు చదివాక నా భయాల వరసే మారిపోయింది. నోరు తిరగని రసాయనాల పేర్లు ఇప్పుడు నన్ను బెదిరించవు. పొయ్యి గట్టు మీద మధ్యాహ్నం నుంచి మూతపెట్టి ఉన్న అన్నం గిన్నె బెదిరిస్తుంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. మన ఉక్కలో గంటల తరబడి ఉన్న అన్నంలో అవి పెరుగుతాయి, వాటి విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు పట్టుకుంటే మాత్రం మధ్యాహ్నం తిన్న చేపల పులుసును తిట్టిపోస్తారు. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం సంగతి వేరు, అక్కడ పులుపు ఆ బాక్టీరియాను ఎదగనివ్వదు. వట్టి అన్నం మిగిలితే వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికల్లా తినేయండి.