దాక్కునే నౌక కట్టాం, వేటాడే నౌక అద్దెకు తెస్తున్నాం

రష్యా అధ్యక్షుడు పుతిన్ ఢిల్లీలో దిగిన రోజే, 2025 డిసెంబర్ 4న, ఒక వార్త గుప్పుమంది. రష్యా నుంచి అణు సబ్‌మెరైన్‌ను లీజుకు తెచ్చుకోడానికి భారత్ సుమారు 200 కోట్ల డాలర్లకు సరేనందని దాని సారాంశం. ప్రభుత్వం వెంటనే వివరణ ఇచ్చింది. కొత్త ఒప్పందమంటూ ఏదీ లేదు, 2019 మార్చిలో కుదిరిన పాతదే, డెలివరీ ఆలస్యమైంది, 2028లో అందుతుంది అని. వార్త కంటే ఆ వివరణే ఎక్కువ ఆలోచనలో పడేసింది. 2019లో చెప్పిన గడువు 2025. మూడేళ్లు జారిపోయిందన్న సంగతి మనకు ఖండన రూపంలో తెలిసింది.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న. విశాఖలో మనమే అణు సబ్‌మెరైన్లు కడుతున్నాం కదా, మళ్లీ అద్దెకు ఎందుకు? అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం 1971 నాటి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ దగ్గరికో, బంగాళాఖాతంలోకి వచ్చిన అమెరికా విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ దగ్గరికో పోనక్కర్లేదు. ఆ కథలు విశాఖవాళ్లకు కంఠతా వచ్చు. వెళ్లాల్సింది 1998 మే నెలకి. అంతకంటే ముందు ఒక తేడా తెలియాలి, అది తెలియకపోతే మిగతాదంతా గందరగోళమే.

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర లోపలికి వెళ్లొచ్చినవాళ్లకు డీజిల్ సబ్‌మెరైన్ ఎంత ఇరుకో తెలుసు. దాని అసలు బాధ ఇరుకు కాదు, ఊపిరి. నీటి కింద అది బ్యాటరీలతో నడుస్తుంది. అవి అయిపోవస్తే నీటి పైభాగానికి దగ్గరగా వచ్చి, గొట్టం బయటపెట్టి, గాలి పీల్చుకుని, డీజిల్ ఇంజిన్లతో మళ్లీ ఛార్జ్ చేసుకోవాలి. పట్టుబడేది అప్పుడే. పూర్తి వేగంతో పరిగెత్తితే బ్యాటరీ గంటల్లో ఖాళీ. అణు రియాక్టర్‌కి గాలితో పనిలేదు. దాని వేడికి ఆవిరి పుడుతుంది, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. లోపల తిండి అయిపోవడమో, మనుషులు అలసిపోవడమో తప్ప దానికి వేరే హద్దు లేదు.

ఇలా దొరికిన ఓపికను రెండు రకాలుగా వాడుకోవచ్చు. బాలిస్టిక్ క్షిపణులు మోసుకుని సముద్రంలో ఒక మూల చప్పుడు లేకుండా దాక్కోవచ్చు. దేశం మీద అణుదాడి జరిగితే తిరిగి కొట్టాలి, అప్పటిదాకా ఎవరి కంటా పడకూడదు, దాని ఉద్యోగం అంతే. లేదంటే టార్పెడోలు పట్టుకుని శత్రువు నౌకల్ని, సబ్‌మెరైన్లని వెంటాడొచ్చు. నేవీ భాషలో మొదటిది ఎస్‌ఎస్‌బీఎన్, రెండోది ఎస్‌ఎస్‌ఎన్. అరిహంత్, అరిఘాత్ మొదటి రకం. రష్యా నుంచి రావాల్సింది రెండో రకం. ఆ రెండో రకం మనం ఇంతవరకు ఒక్కటీ కట్టలేదు.

విచిత్రమేమిటంటే, మొదట కట్టాలనుకున్నది ఆ రెండో రకమే. 1980ల్లో రహస్యంగా సాగిన ప్రాజెక్టు పేరు 'అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్'. సబ్‌మెరైన్ అన్న మాటే దొర్లకుండా పెట్టిన పేరది. కల్పాక్కంలో రియాక్టర్ పని జరిగే చోటుకి తగిలించిన పేరు ఇంకా తమాషా, 'ప్లుటోనియం రీసైక్లింగ్ ప్రాజెక్ట్'. ఆ పేర్ల మాటున అనుకున్నది వేటాడే సబ్‌మెరైన్.

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి. అణ్వాయుధం ముందుగా మేం వాడబోమని వాజ్‌పేయి ప్రభుత్వం ప్రకటించింది. 1999 ఆగస్టులో అణు విధానం ముసాయిదా వచ్చింది. ముందు కొట్టనని మాట ఇచ్చినవాడికి, దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టే సత్తా మిగలాలి. వైమానిక స్థావరాలు ఎక్కడున్నాయో శత్రువుకి తెలుసు. నేలమీది క్షిపణుల కోసం ఉపగ్రహాలు వెతుకుతూనే ఉంటాయి. సముద్రం లోపల తిరిగేదాన్ని పట్టుకోవడమే కష్టం. అందుకని ప్రాజెక్టు దారి మళ్లింది. వేట కోసం అనుకున్న నౌకలో క్షిపణులకు చోటు చేశారు. రియాక్టర్ మాత్రం 83 మెగావాట్ల ఉష్ణశక్తిది. పొట్ట పెరిగింది, గుండె పెరగలేదు.

2009 జూలై 26న విశాఖలో అరిహంత్‌ను నీటిలోకి దించినప్పుడు ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. బరువు సుమారు 6,000 టన్నులు. అందులో పెట్టిన కె-15 క్షిపణి 750 కిలోమీటర్ల దూరం మాత్రమే వెళ్తుంది. బంగాళాఖాతంలో నిలబడి దాన్ని వదిలితే చైనా ప్రధాన నగరాలేవీ అందవు. అరిఘాత్ నుంచి 3,500 కిలోమీటర్ల కె-4 పరీక్ష జరగడానికి 2024 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. చైనాని దృష్టిలో పెట్టుకుని దారి మళ్లించిన ప్రాజెక్టు, చైనా దాకా చేరే ఆయుధం కోసం ఇన్నేళ్లు ఎదురుచూసింది.

సబ్‌మెరైన్లలో పనిచేసినవాళ్ల ఫిర్యాదు ఇంకొకటి ఉంది, ఇది బయట పెద్దగా వినపడదు. 2003 జనవరిలో, అణ్వాయుధాల వాడకాన్ని నిర్ణయించే న్యూక్లియర్ కమాండ్ అథారిటీ ఏర్పడింది. అణు క్షిపణులు మోసే నౌకకి పనిచెప్పేది ఆ వ్యవస్థే. సిబ్బంది నేవీవాళ్లు, యూనిఫాం నేవీది, తిండి పెట్టేది నేవీ. కానీ అండమాన్ దగ్గర పరాయి సబ్‌మెరైన్ తచ్చాడుతోందని తెలిస్తే, విశాఖలో కూర్చున్న తూర్పు నౌకాదళ అధిపతి అరిహంత్‌ని దాని వెంట పంపలేరు. పంపకూడదు కూడా, ఎందుకంటే వెంటబడితే చప్పుడవుతుంది, చప్పుడైతే దాక్కునే నౌక దొరికిపోతుంది. అంటే నేవీ ఇల్లు కట్టింది, తాళం ఇంకొకరి దగ్గర ఉంది.

ఈ బాధ నావికులకు ఎందుకంత లోతుగా ఉందో తెలియాలంటే ఇంకో పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1988 జనవరిలో సోవియట్ యూనియన్ ఒక అణు సబ్‌మెరైన్‌ను మూడేళ్ల లీజుకి ఇచ్చింది. ఒక దేశం తన అణు సబ్‌మెరైన్‌ని మరో దేశం చేతికివ్వడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఐఎన్ఎస్ చక్ర అని పేరు పెట్టి విశాఖ తెచ్చారు. హిందూ మహాసముద్రంలో భారత్‌కి ఇది దేనికని అప్పట్లో ఆస్ట్రేలియాలో కూడా కలవరం రేగింది. (ఆ ఆస్ట్రేలియానే 2021 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ డీజిల్ సబ్‌మెరైన్లను వద్దని, అమెరికా, బ్రిటన్ల సాయంతో అణు సబ్‌మెరైన్లు తెచ్చుకుంటానంది. కాలమహిమ.) మూడేళ్లలో మనవాళ్లు రియాక్టర్‌తో కాపురం చేయడం నేర్చుకున్నారు. 1991 జనవరిలో చక్ర వెళ్లిపోయింది. ఆ ఏడాది మన దగ్గర విదేశీ మారకం లేదు, ఏడాది చివరికల్లా సోవియట్ యూనియనే లేదు. మళ్లీ నేవీలోకి అణు సబ్‌మెరైన్ వచ్చింది 2012 ఏప్రిల్లో. మధ్యలో 21 ఏళ్లు. 1988లో పాతికేళ్ల కుర్రాడిగా నేర్చుకున్న విద్యను ఎవరికైనా చేతిలో పెట్టి చూపించేలోపు ఆ మనిషికి రిటైర్మెంట్ దగ్గరపడింది.

రెండో చక్రకు పదేళ్ల లీజు, దాదాపు వంద కోట్ల డాలర్ల అద్దె. అది కూడా 2021 జూన్‌లో, పదేళ్లు నిండకుండానే రష్యాకి తిరిగి వెళ్లింది. అంతర్జాతీయ ఒప్పందాల వల్ల దాంట్లో అణు క్షిపణులు పెట్టే వీల్లేదు. ఇప్పుడు రాబోయేదాన్ని యుద్ధంలో వాడకూడదని, శిక్షణకే పరిమితమని డిసెంబర్ నాటి వార్తల్లోనే ఉంది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి.

2013 ఆగస్టులో ఒకే వారంలో జరిగిన మూడు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గొడవ మొత్తం అందులోనే కనిపిస్తుంది. 10వ తేదీన అరిహంత్ రియాక్టర్ తొలిసారి పనిలోకి వచ్చింది. 12న కొచ్చిలో విక్రాంత్ విమాన వాహక నౌకను నీటిలోకి దించారు. 14 తెల్లవారేలోపు ముంబై డాక్‌యార్డ్‌లో డీజిల్ సబ్‌మెరైన్ సింధురక్షక్ పేలిపోయి 18 మంది చనిపోయారు. డబ్బు, శ్రద్ధ వెళ్లిన రెండు దిక్కులు మొదటి రెండు. ముసలివైపోతున్న మామూలు సబ్‌మెరైన్ల బలగం మూడోది. నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబర్‌లో, చైనా అణు దాడి సబ్‌మెరైన్ ఒకటి హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. 2014 ఫిబ్రవరి దాకా ఇక్కడే తిరిగింది. వస్తున్నామని చైనావాళ్లే ముందుగా ఢిల్లీకి చెప్పారు. అది మర్యాదో, హెచ్చరికో చెప్పడం కష్టం. ఆ సెప్టెంబర్‌లో చైనా డీజిల్ సబ్‌మెరైన్ కొలంబోలో లంగరేసింది, 2015 మేలో మరొకటి కరాచీలో. పాకిస్తాన్‌కి చైనా 8 సబ్‌మెరైన్లు ఇచ్చే ఒప్పందం కూడా ఆ ఏడాదిదే.

చైనాకి అణు దాడి సబ్‌మెరైన్లు 6, బాలిస్టిక్ క్షిపణులవి 6, డీజిల్ రకం 48 ఉన్నాయని అమెరికా రక్షణ శాఖ 2023 నివేదిక లెక్క. హైనాన్ దీవి నుంచి బయల్దేరినవి మలక్కా, సుండా, లొంబాక్ జలసంధుల గుండా ఇటు రావాలి. ఆ గుమ్మాల దగ్గర వారాల తరబడి కాపు కాసి, వచ్చినదాని వెంట దాని వేగంతోనే పోవాలంటే డీజిల్ సబ్‌మెరైన్ చాలదు. అరిహంత్ చెయ్యకూడదు. 2015 ఫిబ్రవరిలో ఆరు అణు దాడి సబ్‌మెరైన్లకు కేంద్రం ఓకే అనడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

తర్వాత తొమ్మిదేళ్లు కాగితం మీదే గడిచాయి. 2024 అక్టోబర్‌లో భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ నిర్మాణానికి పచ్చజెండా ఊపింది, ఆరింటికి కాదు, రెండింటికి. ఖర్చు సుమారు 40,000 కోట్లని అప్పటి వార్తలు. మొదటిది 2036-37లో, రెండోది ఆ తర్వాత రెండేళ్లకు వస్తాయని నేవీ చీఫ్ అడ్మిరల్ దినేశ్ త్రిపాఠీ 2024 డిసెంబర్‌లో చెప్పారు. మధ్యలో మూడో విమాన వాహక నౌక కావాలా వద్దా అన్న పంచాయితీ ఒకటి నడిచింది. అవి కనపడే లక్ష్యాలు, ముందు సబ్‌మెరైన్లు చూసుకోండి అని 2020లో జనరల్ బిపిన్ రావత్ అన్నారు. నేవీలోని విమానాలవాళ్లకి అది నచ్చలేదు.

ప్రభుత్వం వైపు వాదన కూడా ఉంది. అణుదాడికి శత్రువు జంకేలా చేసే సత్తా, అంటే అణు నిరోధం, లేకుండా మిగతా ఆయుధాలు ఎన్ని ఉన్నా ఒకటే. రియాక్టర్ డిజైన్ చేసేవాళ్లు, ఆ ప్రత్యేకమైన ఉక్కు వెల్డింగ్ చేసేవాళ్లు గుప్పెడుమంది, వాళ్లని రెండు పనులకు చీల్చితే రెండూ కుంటుపడతాయి. 2018 నవంబర్‌లో అరిహంత్ మొదటి గస్తీ పూర్తి చేసింది కాబట్టే ఇప్పుడు దాడి సబ్‌మెరైన్ వైపు చూడగలుగుతున్నాం. ఇందులో నిజం లేకపోలేదు. కానీ 2015లో ఆరింటికి ఓకే అన్నప్పుడు కూడా ఆ గుప్పెడుమందే ఉన్నారు.

రష్యా కాకపోతే ఇంకెవరిస్తారు? అమెరికా తన రియాక్టర్ పరిజ్ఞానాన్ని దశాబ్దాలపాటు బ్రిటన్ తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఆస్ట్రేలియాకి ఇచ్చేటప్పుడు ఇది ఈ ఒక్కసారికే అన్నారు. 2025 అక్టోబర్ 30న దక్షిణ కొరియాకి కూడా ట్రంప్ సరేనన్నారు. ఆ వరసలో మన పేరు లేదు. ఉంటుందని ఢిల్లీలో ఎవరూ ఆశపడుతున్నట్టు కూడా లేదు.

ఈ లోపు దాక్కునే నౌకల కోసం కావాల్సిన ఏర్పాట్లు తెలుగు నేల మీద సాగిపోతున్నాయి. విశాఖకి దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో, అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరాన స్థావరం కడుతున్నారు. వేటకి పోయే దారి మూసుకుపోయిందని, పరిహారం, ఉద్యోగాలు కావాలని అక్కడి మత్స్యకారులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. సముద్రమే లేని వికారాబాద్ జిల్లాలో, దామగుండం అడవిలో, నీటి కిందున్న సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని కట్టబొమ్మన్ కేంద్రం తర్వాత నేవీకి ఇది రెండోది. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగవు, ఇవి కొంత లోతుకి దిగుతాయి. దీనికి 2,900 ఎకరాల అడవి ఇచ్చారు. చెట్లు పోతాయని, మూసీ పుట్టే చోటుకి ముప్పని గొడవ చేసినవాళ్లకి దేశభద్రత అనే ఒక్క మాటే జవాబుగా వచ్చింది. ఆ యాంటెన్నా ఏ నౌకతో మాట్లాడటానికో, ఆ నౌక ఏం చేస్తుందో, ఏం చేయదో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

రెండో చక్ర విశాఖకు వచ్చిన 2012లో అందులో పనిచేసిన పాతికేళ్ల లెఫ్టినెంట్‌కి 2028 నాటికి 41 ఏళ్లు. సబ్‌మెరైన్ కమాండ్ దొరికే వయసు దాదాపు అదే. అప్పుడతని చేతికి వచ్చేది యుద్ధానికి పనికిరాని అద్దె నౌక. మనం సొంతంగా కట్టే మొదటి వేటాడే సబ్‌మెరైన్ 2037లో, చెప్పిన గడువుకే వస్తే, అతనికి యాభై నిండుతాయి.