పిల్లిపిల్ల చెవి, మీ తమ్ముడి చెయ్యి

చిరంజీవులకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. చిన్నవాడి ముంజేతి మీద ఎర్రటి వలయం లేచి దురద పెడుతోందనీ, కొత్తగా వచ్చిన పిల్లిపిల్ల చెవి అంచున వెంట్రుకలు ఊడి బూడిద చల్లినట్టు పొలుసులు రాలుతున్నాయనీ రాశారు. ఉత్తరం చివర, ఏదో గుర్తుకొచ్చి చేర్చినట్టుగా, పెద్దదాని పాపిట పక్కన కొంచెం మేర జుట్టు పలచబడిందని ఒక్క వాక్యం ఉంది. నన్ను ఆపింది ఆ వాక్యమే. దాని దగ్గరికి తప్పక వస్తాను.

ముందుగా చిన్నవాడి ప్రశ్న: “లోపలి పురుగు ఎప్పుడు బయటికి వస్తుంది తాతయ్యా?” లోపల పురుగేమీ లేదు నాన్నా. ఇంగ్లీషులో దీన్ని రింగ్‌వార్మ్ అన్నారు కాబట్టి ఆ భ్రమ కలిగింది. మనం తామర అంటాం, అందులో పురుగు ఊసే లేదు గనుక ఈ విషయంలో మన మాటే నయం. ఇది రొట్టెకు పట్టే బూజు లాంటి శిలీంధ్రం. చర్మం పైపొరలోనూ వెంట్రుకల్లోనూ గోళ్లలోనూ ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థమే దానికి ఆహారం. అది పడిన చోటి నుంచి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. వెనక మధ్యభాగంలో శరీరం దానితో పోరాడి చర్మాన్ని కొంత బాగుచేసుకుంటుంది. అందుకే అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ తేటపడి, ఉంగరంలా కనిపిస్తుంది. ఆ అంచులోనే శిలీంధ్రం చురుకుగా ఉంటుంది.

పిల్లుల నుంచి పిల్లలకు ఎక్కువగా అంటుకునే రకం పేరు మైక్రోస్పోరమ్ కేనిస్. కేనిస్ అంటే లాటిన్‌లో కుక్కకు సంబంధించినది అని అర్థం; కానీ దాని అసలు కాపురం పిల్లి ఒంటి మీదే, పాపం కుక్కకు పేరు మాత్రం మిగిలింది. గినీపందులు, కుందేళ్లు పెంచుకునే ఇళ్లలో ట్రైకోఫైటన్ జాతికి చెందిన మరో రకం అంటుకుంటుంది. జంతువును తాకడం వల్లే కాదు, అది పడుకున్న దుప్పటి వల్లా, రాలిన వెంట్రుక వల్లా కూడా అంటుతుంది. విరిగిన వెంట్రుకల్లోనూ పొలుసుల్లోనూ ఉండే బీజాలు అనుకూలమైన చోట ఏడాదికి పైగా, కొన్నిసార్లు 18 నెలల దాకా బతికి ఉంటాయి. అంటుకున్నాక మనిషి చర్మం మీద మచ్చ తేలడానికి సుమారు 4 నుంచి 14 రోజులు పడుతుంది. పొడవాటి బొచ్చున్న పిల్లులైతే ఏ మచ్చా లేకుండానే దాన్ని మోస్తూ తిరగగలవు.

ఇక పెద్దదాని జుట్టు సంగతి. తలమీద ఒక చోట జుట్టు ఊడితే చాలామంది పేనుకొరుకుడు అనేస్తారు. పేనుకొరుకుడులో సాధారణంగా చర్మం నున్నగా ఉంటుంది. తామరలో పొలుసులు ఉంటాయి, వెంట్రుకలు మొదట్లోనే తెగి మొండిగానో నల్లటి చుక్కల్లానో కనిపిస్తాయి. అమ్మను వెలుతురులో నిలబడి దగ్గరగా చూడమనండి. తామరే అయితే పైపూత మందు చాలదు, ఎందుకంటే శిలీంధ్రం వెంట్రుక లోపలికి, కుదురు దాకా దిగి ఉంటుంది. డాక్టరు రాసిన గ్రిసియోఫల్విన్ వంటి నోటిమందును వారాల తరబడి, తరచు 6 నుంచి 8 వారాలు, వాడవలసి వస్తుంది. దాన్ని కొవ్వు ఉన్న ఆహారంతో కలిపి తీసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. 1958లో ఈ మందు నోటి ద్వారా ఇస్తే తామర తగ్గుతుందని మొదట తేలింది గినీపందుల మీదే. ఆ చిన్న జీవులకు మనం రుణపడి ఉన్నాం. ఆలస్యం చేస్తే కొందరికి ఆ చోట చీముతో మెత్తగా వాచి, మానాక కూడా జుట్టు మొలవకపోవచ్చు. అందుకే ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చిన్నవాడి చేతికి క్లోట్రిమజోల్, మైకొనజోల్, టెర్బినఫిన్ వంటి లేపనాల్లో డాక్టరు చెప్పినది సరిపోతుంది. వలయం మీదే కాక, దాని అంచు దాటి చుట్టూ రెండు వేళ్ల మేర బాగున్న చర్మానికి కూడా రాయాలి. ఇలా 2 నుంచి 4 వారాలు పడుతుంది. దురద పోయింది కదా అని అక్కడితో ఆపకుండా, చర్మం మామూలుగా కనిపించాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు కొనసాగించాలి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నా మోచేతికి తామర వచ్చినప్పుడు ఇంట్లో ఎప్పటిదో మిగిలిన దురద లేపనం రాశాను. మూడు రోజుల్లో ఎరుపు, దురద మాయమయ్యాయి, నేను వైద్యుణ్ణి అయిపోయాననుకున్నాను. నెల తిరిగేసరికి మచ్చ అరచేయంత పరుచుకుని, ఉంగరం ఆకారం కూడా పోయి, ఏ జబ్బో పోల్చుకోలేని స్థితికి వచ్చింది. ఆ లేపనంలో ఉన్నది స్టెరాయిడ్. అది ఎరుపును అణచి, శిలీంధ్రానికి ఎదురు లేకుండా చేస్తుంది. బెటామెథసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు ట్యూబు మీద కనిపిస్తే, ఫంగస్ మందు కూడా కలిపి ఉన్నా సరే, డాక్టరు చెప్పకుండా రాయకండి.

పిల్లిపిల్లను పశువైద్యుడికి చూపించండి. ఆయన చీకటి గదిలో వుడ్స్ లాంప్ అనే అతినీలలోహిత దీపం పట్టినప్పుడు, మైక్రోస్పోరమ్ కేనిస్ పట్టిన వెంట్రుకలు మొదలంటా లేత ఆకుపచ్చగా వెలుగుతాయి. చూసి తీరవలసిన దృశ్యం. వెలగనంత మాత్రాన జబ్బు లేదని కాదు, కొన్ని రకాలు అసలు వెలగవు, అప్పుడు వెంట్రుకలను పరీక్షకు పంపుతారు. చికిత్సగా ఇట్రాకొనజోల్ నోటిమందు, వారానికి రెండుసార్లు సున్నం-గంధకం కలిపిన నీటితో తడపడం ఉండవచ్చు. ఆ నీరు కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, దానికి పిల్లిని తిట్టకండి. మీ లేపనాన్ని మాత్రం దానికి రాయవద్దు, నాకి మింగేస్తుంది.

దాన్ని వదిలేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఇది నయమయ్యే జబ్బు. వైద్యుడు సరేననే దాకా సులువుగా తుడవగల ఒక గదిలో ఉంచి, రోజూ కాసేపు ఆడుకుని, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి. ఇంట్లో రాలిన వెంట్రుకలను తరచుగా ఏరివేయడమే అన్నిటికన్నా ముఖ్యం; వెంట్రుకలు ఉండగా ఏ మందునీరు తుడిచినా వృథా. బ్లీచింగ్ ద్రావణం పెద్దవాళ్లే వాడాలి, వేరే ఏ ద్రావకంతోనూ కలపకూడదు. దువ్వెన, తువ్వాలు, టోపీ ఎవరివి వారికే.

చిన్నవాడి చేతి వలయం అంచు వెంబడి అమ్మ చేత పెన్నుతో సన్నని గీత గీయించండి. వారం తర్వాత ఎరుపు ఆ గీతకు లోపల ఉందో, బయటికి దాటిందో చూసి, పెద్దదాని తల గురించి డాక్టరు చెప్పిన మాటతో పాటు నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య